నీలం పావడా మీద చార

"ఈ చార మా స్కూల్లో లేదు," అన్నారు లీలారాణి, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని.

వరండాలో కట్టిన తీగ మీద వేలాడుతున్న నీలం పావడాను ఆమె చేత్తో ముట్టుకోలేదు. మడిచిన గొడుగు కొనతో అంచును కాస్త పైకెత్తి చూశారు. వెలిసిపోయిన నీలంలో, అంచుకు జానెడు పైన, రెండు వేళ్ల వెడల్పున ఒక ముదురు నీలం పట్టీ పావడా చుట్టూ తిరిగి ఉంది. దానికి పైన మరొకటి. ఆ రెండు పట్టీల ఒడ్డున సూది దిగిన రంధ్రాలు చీమల బారులా కనిపిస్తున్నాయి.

పక్కనే నిలబడి ఉన్న పరంజ్యోతి మెడలోని కొలత టేపును రెండు కొసలూ సమానం చేసుకుంటోంది. ఆ పావడా ఆమె కుట్టినదే. అడిగి కుట్టించుకున్నది కాదు. మాదిరి కోసమని తనకు తానుగా వారం రోజులు ఎండబెట్టి, ఉతికి, విప్పి తయారు చేసింది.

పాతపట్నానికి ఆరు మైళ్ల ఇవతల దేవరపేట మిషన్ ఆడపిల్లల స్కూలు మూతబడి పదిహేనేళ్లయింది. ఇప్పుడు దాన్ని నెల రోజులకు ఒక టీవీ సీరియల్ వాళ్లు తీసుకున్నారు. కథ జరిగేది పంతొమ్మిది వందల డెబ్బై రెండులో. గోడలకు పాత సున్నం రంగు పులిమారు, పెంకులు సరిచేశారు, గంటను ఎక్కడినుంచో తెచ్చి వేలాడదీశారు. దుస్తులు చూసే అమ్మాయి యమున, హైదరాబాదు నుంచి వచ్చింది. నలభై మంది పిల్లలకు యూనిఫారాలు కుట్టే పని ఆమె పరంజ్యోతికి అప్పగించింది. ఆ స్కూలు మూసేదాకా అక్కడి పిల్లలకు కుట్టింది ఆవిడే గనుక. అంతకుముందు అదే స్కూల్లో, అదే హాస్టల్లో చదువుకున్నది కూడా గనుక.

"మేడమ్, ఈమె చెప్పేదేమిటంటే, హాస్టల్ పిల్లల పావడాలకి అడ్డంగా మడతపెట్టి టక్కులు వేసేవారట. పిల్ల పొడుగయినప్పుడల్లా ఒక టక్కు విప్పేవారట. మడత లోపల ఎండ తగలని గుడ్డ అసలు రంగులోనే ఉంటుంది కాబట్టి..." యమున పూర్తి చేయలేదు.

"టక్కులు ఎవరింట్లో వెయ్యలేదమ్మా? మా అమ్మా వేసింది. అది పొదుపు. దాన్ని పట్టుకుని స్కూల్లో రెండు జాతుల పిల్లలున్నట్టు చూపించకండి. మిషన్ దొరసానిగారు యూనిఫారం పెట్టిందెందుకు? అందరూ ఒక్కటేనని!"

పరంజ్యోతి ఈడున అక్కడే ఫీజు కట్టి చదువుకున్న లీలారాణి, తర్వాత ఆ స్కూలుకు చివరి హెడ్‌మిస్ట్రెస్. ఆ కాలం సంగతులు సరిచూసి పెట్టే సలహాదారుగా ఆమె పేరు తెర మీద వేస్తామని సీరియల్ వాళ్లు మాటిచ్చారు.

"టక్కు అందరికీ ఏసీవోరు, టీచరమ్మా," అంది పరంజ్యోతి మెల్లగా. "కాని మీకు ఏడాదికో కొత్త పావడా వచ్చీది. విప్పీ పనుండీది కాదు. మాకు ఒక్కటే నాలుగేళ్లు. ఎన్ని సారలుంటే అన్నేళ్లు ఉసిత బువ్వ తిన్నట్టు లెక్క. మీ తరగతోలు మమ్మల్ని పేరెట్టి పిలిసీవోరా? ఒసే, రెండు సారలూ అనీవోరు కాదా?"

"నీకలా గుర్తుంది కాబోలు." లీలారాణి చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కాగితం చుట్టిన ఫొటో ఒకటి తీసి యమున ముందు పెట్టారు. "ఇదిగో, డెబ్బై రెండు నాటి గ్రూపు ఫొటో. ఇందులో చార చూపించమను."

పరంజ్యోతి వంగి చూసింది. ముందు వరసలో నేల మీద కూర్చున్న పిల్లలు, వెనక కుర్చీలలో టీచర్లు, ఆ వెనక బెంచీలెక్కి నిలబడిన హాస్టల్ పిల్లలు.

"ఎనకాలున్నోలు నడుం కాడి నుంచే కనిపిస్తన్నారు. అంచెక్కడున్నాదమ్మా, సార కనబడ్డానికి?"

"కనబడనిదాన్ని ఉందనుకోవడం చరిత్ర కాదు, పరంజ్యోతీ."

యమున పెదవి కొరుక్కుంది. ఆమె పని చేసిన కిందటి సీరియల్లో పాతకాలపు జాకెట్టుకు వీపున జిప్పు కనిపించిందని జనం ఫోన్లలో బొమ్మలు పెట్టి నవ్వారు. అప్పటినుంచి ఆమెకు ప్రతిదానికీ ఒక కాగితమో ఫొటోనో కావాలి. గుండీ ముత్యం గుండీయా పింగాణీదా, దారం నూలుదా కాదా అని ఒక రోజంతా తగవు పడే పిల్ల. ఆ శ్రద్ధే పరంజ్యోతికి ఆమె మీద అభిమానం కలిగించింది. యాభై ఏళ్లుగా తనను ఎవరూ అడగని సంగతులు అడిగింది మరి. అడిగింది కాబట్టే ఈ చార బయటికొచ్చింది. నలభై యూనిఫారాలలో పది పన్నెండింటి మీదయినా ఆ చార ఉండాలి. ఎవరో ఒకరు, ఎక్కడో ఒక ఇంట్లో అన్నం తింటూ టీవీ చూస్తూ, అదేమిటని అడగాలి. పరంజ్యోతికి కావలసింది అంతే.

"ఫొటోలో లేకపోతే కష్టం పరంజ్యోతిగారూ," అంటూ యమున పావడాను తీగ మీదినుంచి లాగబోయింది.

అప్పుడే దర్శకుడు టీ గ్లాసుతో వరండా మెట్లెక్కాడు. పావడా అంచును రెండు చేతులతో పట్టి వెలుగుకేసి చాపాడు. చార మీద బొటనవేలు రాసి చూశాడు.

"ఇది రంగు వేసింది కాదు కదా?"

"కాదు బాబూ. ఎండ."

"ఇలాంటివి పన్నెండు కావాలి. శనివారం ప్రార్థన సీను," అన్నాడతను. "కెమెరా నేల మీదినుంచి మొదలవుతుంది. అంచులు, చారలు, ఆ తర్వాతే ముఖాలు."

లీలారాణి ముడిచే ఉన్న గొడుగును మరొకసారి ముడిచారు. "మీ ఇష్టం. సలహాదారుగా నా పేరు మాత్రం వెయ్యకండి." వరండా దిగి, గేటు దాకా వెనక్కి చూడకుండా నడిచి వెళ్లారు.

మంగళవారం నుంచి ఎండ మీదే పని. బజారు గుడ్డ పనికిరాదని పరంజ్యోతికి ముందే తెలుసు. ఈ కాలపు రంగు నాలుగుసార్లు ఉడకబెట్టినా వదలదు. మాదిరికి వాడిన నేతగుడ్డ తానులో మిగిలింది ఎనిమిది పావడాలకే వచ్చింది. మిగతా నాలుగింటికి సాలూరు లారీలో మరో ముక్క తెప్పించారు. బ్లీచింగు పౌడరు వేస్తే ఒక్క పూటలో తేలిపోతుంది కదా అని యమున అడిగింది.

"పొడలు పొడలుగా పోతాదమ్మా, బొల్లి ఎక్కినట్టు. ఎండకి ఎలిసింది అలగుండదు. పైపైనే ఎలుస్తాది. అడుగున నీలం అలాగే ఉంటాది."

పావడా కుట్టడం, అంచుకు పైన వేలి వెడల్పున రెండు టక్కులు వేయడం, చాకలిసోడా నీళ్లలో నానబెట్టడం, బండ మీద బాదడం, హాస్టల్ డాబా మీద పరిచి నాలుగు మూలలా పెంకుముక్కలు పెట్టడం. మాదిరికి పట్టిన వారం ఇప్పుడు లేదు గనుక గంటకోసారి వెళ్లి తడపాలి. తడిసి ఆరినప్పుడే రంగు దిగుతుంది. తిప్పి వేయకూడదు, లోపలి వైపు ఎండ చూడకూడదు. పరంజ్యోతి చీర కొంగు తల మీద కప్పుకుని, రోజుకు పదిసార్లు ఆ మెట్లెక్కింది. అరవై అయిదేళ్ల మోకాళ్లు మూలిగినా వినిపించుకోలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి గుడ్డ బూడిద కలిసిన నీలానికి దిగింది. అప్పుడు నీడన కూర్చుని, సగం బ్లేడు ముక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, మూడు కుట్లకు ఒకటి తెంపుతూ, దారాన్ని ఒక్క లాగులో లాగేసింది. మడత విచ్చుకుంది. లోపలినుంచి ముదురు నీలం, కొత్త గుడ్డ వాసనతో సహా బయటపడింది. యమున పక్కనే మోకాళ్ల మీద కూర్చుని చూస్తోంది.

"వేలెడు టక్కుకి రెండు వేళ్ల చార ఎలా వచ్చింది?"

"మడత కదమ్మా. లోపల రెండు ముఖాలుంటాయి. రెండూ దాక్కుంటాయి."

యమున అది తన పుస్తకంలో రాసుకుంది.

శనివారం ఉదయం ఏడింటికల్లా నలభై మంది పిల్లలు స్కూలు ముందు మైదానంలో చేరారు. సగం మంది మిషన్ కాంపౌండులో కాపురమున్న వాళ్ల పిల్లలు, సగం రోడ్డవతలి కాలనీ వాళ్లు. పరంజ్యోతి మనుమరాలు షీబా అందరికంటే ముందు వచ్చి, రెండు జడలూ ఎర్ర రిబ్బన్లతో పైకి మడిచి కట్టించుకుని, కుదురుగా నిలబడలేక నిలబడింది. వేసవి సెలవలు మొదలైనప్పటినుంచీ ఆ పిల్ల నోట వేరే మాట లేదు. పాతపట్నంలో మేనత్తకు సైతం ఫోన్ చేసి చెప్పింది.

"మామ్మా, నాకు సారలున్న పావడా ఇప్పించవా? డిజైను లాగున్నాది!"

"డిజైను కాదే గుంటా. నిల్చో కుదురుగా."

లీలారాణి కూడా వచ్చారు. పేరు వేయవద్దన్న సంగతి ఆవిడా ఎత్తలేదు, మరెవరూ ఎత్తలేదు. నీడలో ఆవిడకొక కుర్చీ వేశారు.

అసిస్టెంటు డైరెక్టరు హరిబాబు విజయనగరం మనిషి. మూడు రోజులలో ఊళ్లో సగం మందిని బావా, అప్పా, పిన్నీ అని వరస కలిపేశాడు. పిల్లల్ని బారుగా నిలబెట్టి, ఆ చివరినుంచి నడుస్తూ వేలితో విడదీయడం మొదలుపెట్టాడు. "నువ్విటు. నువ్వూ ఇటు. నువ్వటెళ్లమ్మా. నువ్వు... అటు. ఇటు." పేరు అడగలేదు, వయసు అడగలేదు, ఎత్తు కూడా చూడలేదు. పావడాలు చేతి మీద దొంతరగా పెట్టుకుని నిలబడిన పరంజ్యోతికి మొదట ఏమీ తోచలేదు. ఏడో పిల్ల దగ్గర అర్థమయింది. అటు వెళ్లిన వాళ్లంతా కాస్తో కూస్తో చామనఛాయ. ఇటు వచ్చి చారల పావడాల కోసం చేతులు చాపుతున్న వాళ్లంతా నల్లగా, సన్నగా ఉన్నారు. ఇటు వచ్చిన వాళ్లలో పదకొండోది కాలనీ జగ్గమ్మ కూతురు. పన్నెండోది షీబా.

"బాబూ హరిబాబూ, ఇలా తీసినావేటి?"

"ఏటి పిన్నీ?"

"నల్లటోలందర్నీ ఇటే ఏసినావు."

హరిబాబు నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. పనిలో ఉన్న మనిషి నవ్వు. "సూసినోడికి సూడగానే తెలియాల కదా పిన్నీ, హాస్టల్ పిల్లలెవరో, ఫీజు కట్టినోలెవరో."

"సార ఎందుకు మరి? తెలవడానికే కదా సార. మా హాస్టల్లో గ్రేసని ఉండీది, పాలగిన్నెలాటి పిల్ల. మూడు సారలు. ఫీజు కట్టినోలలో..." ఆమె చూపు తనకు తెలియకుండానే నీడలోని కుర్చీ వైపు వెళ్లింది. లీలారాణి నిగనిగలాడే నలుపు. చిన్నప్పుడూ అంతే. పరంజ్యోతి మాట మింగేసింది. "ఫీజు కట్టినోలలో నాకంటే నల్లటోలు శానామంది."

"అంత వివరం టీవీలో ఎక్కడాగుతాది?"

పరంజ్యోతి యమున కోసం చూసింది. యమున ఒక పిల్ల జాకెట్టుకు ఊడిన పింగాణీ గుండీని కుడుతోంది. తలెత్తి విన్నది. ఆమె ముఖంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. "పిల్లల ఎంపిక నా శాఖ కాదు, పరంజ్యోతిగారూ," అని దారం పంటితో తెంపింది.

తొమ్మిదింటికి మొదటి షాటు. ముందు మూడు వరసలు అటువాళ్లు, గోడ పక్కన విడిగా ఇటువాళ్లు పన్నెండుగురు. కెమెరా నేలబారున చారల వెంట నెమ్మదిగా జరిగింది. దర్శకుడు చిన్న తెర ముందు కూర్చుని తనలో తాను తలూపుకున్నాడు. "బాగుంది. చాలా బాగుంది. ఆ చివరి పిల్ల నవ్వుతోంది, ఆపండి."

చివరి పిల్ల షీబా.

హరిబాబు మైకు బూర నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఏయ్, నల్లపిల్లా! నిన్నే! నవ్వకూడదు. తల దించు. ఇంకా. నువ్వు ధర్మానికి సదువుకుంటన్నావు, గుర్తెట్టుకో!"

మైదానమంతా వినబడింది. ముందు వరసలలో ఎవరో కిసుక్కుమన్నారు. షీబా తల దించింది. ఇంకా అంటే ఇంకా దించింది, గడ్డం జాకెట్టుకు తగిలేదాకా. మళ్లీ తీశారు. మళ్లీ తీశారు. నాలుగోసారి సరిపోయింది.

పరంజ్యోతి చేతిలోని కొలత టేపు వేలికి చుట్టుకుంటూ చుట్టుకుంటూ, వేలి కొన నీలమెక్కేదాకా బిగిసింది.

భోజనాల వేళ ఆమె పిల్లల దగ్గరికి వెళ్లి, ఇస్త్రీ చేయాలని చెప్పి, పన్నెండు పావడాలూ విప్పించి తీసుకుంది. పిల్లలు తమ సొంత బట్టలతో పులిహోర పొట్లాల ముందు కూర్చున్నారు. పరంజ్యోతి అన్నానికి వెళ్లలేదు. స్కూలు పాటల గదిలో పెట్టుకున్న తన కుట్టుమిషను ముందు కూర్చుని మొదటి పావడాను సూది కిందికి జరిపింది. కొత్తగా కొలవనక్కర్లేదు. పాత సూదిరంధ్రాలే దారి. పై రంధ్రాల బారు మీద కింది బారును ఆనిస్తే మడత తన చోటికి తాను వచ్చింది. ముదురు నీలం లోపలికి వెళ్లి మూతబడింది. కాలు ఆగకుండా తొక్కింది. పెద్ద కుట్టు, ఒకే పరుగు. ఒక్కొక్క పావడాకు రెండు టక్కులు. ఏడోదాని దగ్గర దారం తెగింది. కొసను నోట తడిపి సూదిలోకి ఎక్కించి మళ్లీ తొక్కింది. పన్నెండూ అయ్యేసరికి ఎదురుగా గోడ మీద నీడ జానెడు జరిగింది. పావడాలు నాలుగు వేళ్లు పొట్టివైపోయాయి. చార ఒక్కటీ లేదు.

ఆమెకు ఏడుపు రాలేదు. పని పూర్తయిన తర్వాత ఎప్పుడూ చేసినట్టే, మిషను కింద పడిన దారపు ముక్కల్ని ఊడ్చి ఒకచోటికి చేర్చింది.

పిల్లలు మళ్లీ వరసలో నిలబడగానే మొదట చూసింది యమున. పరుగున వచ్చి జగ్గమ్మ కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుని అంచు ఎత్తింది. "పరంజ్యోతిగారూ! ఏం చేశారు? పొద్దున షాట్లో చారలున్నాయి. ఇప్పుడు లేకపోతే ఎలా కలుస్తుంది?"

"టక్కులేసినానమ్మా. అదీ మా కాలందే. మొదటేడు పావడా ఇలాగే ఉండీది."

"కావాలనే చేశారా?"

పరంజ్యోతి పిల్ల పావడా అంచును కిందికి దించి సరిచేసింది. దర్శకుడు వచ్చాడు. విప్పడానికి ఎంతసేపు పడుతుందని అడిగాడు. విప్పి, మడత గీతలు పోయేలా ఇస్త్రీ చేయడానికి గంటన్నర అంది యమున. అతను ఆకాశం కేసి చూశాడు. పడమట మబ్బు లేస్తోంది. పరంజ్యోతి కొంగు నడుముకు దోపుకుని నిలబడింది. తిడతాడనుకుంది. తిడితే చెప్పడానికి నాలుగు మాటలు కూడగట్టుకుని ఉంచింది కూడా. కానీ అతను ఆమె వైపు చూడనే లేదు.

"సార్, ఈ పన్నెండుగురూ లేకపోయినా ఫ్రేము నిండుతోంది," అన్నాడు హరిబాబు, రెండు చేతుల వేళ్లతో గడి కట్టి దానిలోంచి చూస్తూ. "పొద్దున షాటు తీసేద్దాం. ముందోలతో మళ్లీ మొదలెడదాం."

"సరే. వీళ్లని పంపించెయ్."

అంతే. ఒక్క నిమిషంలో అయిపోయింది. పన్నెండుగురూ పావడాలు విప్పి ఇచ్చేశారు. మిగిలిన ఇరవై ఎనిమిది మందీ కాస్త ఎడంగా జరిగి ఖాళీని సర్దుకున్నారు. అందరివీ కొత్త పావడాలు, ఒకే నీలం, ఒకే పొడుగు. లీలారాణి కుర్చీలోంచి లేచి వచ్చి చిన్న తెరలోకి తొంగి చూశారు. ఆమె కళ్లు చెమర్చాయి.

"ఇదీ మా స్కూలు," అన్నారు. ఆవిడ అబద్ధం ఆడటం లేదు.

గేటు దగ్గర జగ్గమ్మ కాచుకుని ఉంది. కూతురి రెక్క ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి పరంజ్యోతి ముఖం మీదికి విసిరింది. "ఏటే ముసిలీ, నీకేటొచ్చింది పోయేకాలం? పొద్దున్నించి ఎండలో నిల్చోబెట్టి, పిల్లల్ని టీవీలోంచి గెంటించేసినావు గదే! నీ మనవరాలు కూడా పోయింది, సరిపోయిందా?"

"ఆలు పిల్లల్ని ఏమన్నారో ఇన్నావా నువ్వు?"

"ఏటన్నారు? నల్లపిల్లా అన్నారు. ఇంట్లో నేనూ అంటాను. తెల్లగుందా నా కూతురు?"

పరంజ్యోతి షీబా కోసం చుట్టూ చూసింది. పిల్ల గేటు అవతల, ప్రహరీ గోడను ఆనుకుని నిలబడి ఉంది. పంపించేసిన మిగతా పిల్లలూ అక్కడే చేరారు. ఇంటికి పోవడానికి ఎవరికీ కాళ్లు రావడం లేదు.

"పద గుంటా."

"నేన్రాను."

"నిన్నలా అంటే నాకు..."

"తల దించమన్నారు, దించినాను. అది ఏక్టింగు మామ్మా! నాలుగోపాలికి ఓకే అన్నారు. నువ్విన్నావా, ఓకే అన్నారు!" షీబా కాలితో నేలను తన్నింది. రిబ్బను ఒకటి ఊడి భుజం మీద పడింది, సర్దుకోలేదు. "ఆ సారలు నీవి. నాకేటి? నీ సారల కోసం నన్ను తీయించేసినావు."

పరంజ్యోతి ఊడిన రిబ్బను అందుకోబోతే పిల్ల జడ లాక్కుంది. పిల్ల చెప్పింది నిజం కాదని అనడానికి లేదు. నిజమే అని ఒప్పుకోవడానికీ లేదు.

గోడ లోపల గంట మోగింది. ఇరవై ఎనిమిది గొంతులు కలిసి ప్రార్థన మొదలుపెట్టాయి, పొద్దుటినుంచి అందరికీ కలిపి నేర్పించిన అదే ప్రార్థన. బయట ఉన్న పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు జగ్గమ్మ కూతురు అందుకుంది. తర్వాత మరొకతె. షీబా గోడకు వీపు ఆనించి, కళ్లు మూసుకుని, అందరికంటే పైకి ఎత్తుకుంది. పన్నెండు గొంతులూ గోడ దాటి లోపలికి పోయాయి.

లోపలి ప్రార్థన ఆగిపోయింది. గేటులోంచి హరిబాబు బయటికొచ్చాడు. కోపంగా లేడు, అలిసిపోయి ఉన్నాడు. చెవికి ఉన్న తీగను చూపించి, మాట అక్కడ రికార్డవుతోందన్నట్టు సైగ చేసి, రెండు చేతులూ జోడించాడు. "పిన్నీ, దండం పెడతాను. పిల్లల్ని నోరు ముయ్యమను. మీ గొంతులు లోపలికొచ్చేస్తన్నాయి."

పిల్లలు ఒక్కొక్కరే ఆగిపోయారు. షీబా ఆగలేదు. కళ్లు తెరవలేదు కూడా.

పరంజ్యోతి రెండడుగులు ముందుకు వేసి మనుమరాలి నోటి మీద చెయ్యి అడ్డం పెట్టింది. గేటు మూసుకుంది. లోపల గంట మళ్లీ మోగింది. అరచేతి కింద పిల్ల పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.